టూరిస్టు వీసా మీద తాతగారి ఊరికి: ట్రాయ్ వాసులకు కొన్ని సలహాలు

మే నెల వచ్చిందంటే మిషిగన్‌లోని మన ట్రాయ్‌లో తెలుగువాళ్ల ఇళ్లల్లో రెండు పనులు మొదలవుతాయి. ఒకటి, పెరట్లో గోంగూర నారు పెట్టడం. రెండు, ఇండియా ప్రయాణానికి సూట్‌కేసులు దించడం. గోంగూర సంగతి ఆడమ్స్ రోడ్డు మీది భారతీయ టెంపుల్‌కి ఆదివారం వెళితే నలుగురు చెబుతారు, ఆ నలుగురూ నాలుగు రకాలుగా చెబుతారు. ఇండియా ప్రయాణం సంగతి చెప్పడానికి మాత్రం నేనొక్కణ్ణే ఉన్నాను. బిగ్ బీవర్ రోడ్డుకి అటూ ఇటూ ఉన్న సబ్‌డివిజన్లలో నా సలహా తీసుకోకుండా విమానం ఎక్కినవాళ్లు తక్కువ. తీసుకున్నవాళ్లు రెండోసారి నా దగ్గరికి రారు. ఒక్కసారికే అన్నీ తెలిసిపోతాయి కాబోలు.

నా సలహాలు ముఖ్యంగా అమ్మానాన్నలది ఇండియా పాస్‌పోర్టు, పిల్లలది అమెరికా పాస్‌పోర్టు అయిన ఇళ్లకి. మన వీధుల్లో అలాంటి ఇళ్లకి కొదవ లేదు. నాన్న ఆబర్న్ హిల్స్‌లోనో వారెన్‌లోనో కార్ల కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాస్తుంటాడు, గ్రీన్ కార్డు వరసలో తన వంతు ఎప్పుడొస్తుందో లెక్కలు వేసుకుంటూ. పిల్లవాడు ఇక్కడే పుట్టాడు కాబట్టి ఏ వరసలోనూ నిలబడకుండానే అమెరికన్ అయిపోయాడు. తాతగారి ఊరు వెళ్లాలంటే ఇంటిల్లిపాదిలో వీసా కావలసింది వాడొక్కడికే. ఆ వీసా మీద రాసి ఉండేది టూరిస్టు అని. ఆ మాటని మొదటినుంచి చివరిదాకా పట్టించుకోకుండా ఉంటే చాలు, నా సలహాలన్నీ వాటంతటవే అమలైపోతాయి. (పెద్దవాళ్ల హెచ్-1 స్టాంపింగ్ వేరే పురాణం. అది చెప్పడానికి ఈ పత్రిక చాలదు.)

పూర్వం మనవాళ్లు షికాగో కాన్సులేటుకి కాగితాలన్నీ పంపి, పాస్‌పోర్టు తిరిగొచ్చేదాకా మెయిల్‌బాక్సు చుట్టూ తిరిగేవాళ్లు. మిషిగన్ ఆ కాన్సులేటు పరిధిలోదే. 2014 నవంబరు 27న భారత ప్రభుత్వం 43 దేశాలవాళ్లకి ఆన్‌లైన్ వీసా మొదలుపెట్టింది. ఆ జాబితాలో అమెరికా ఉంది. దిగడానికి ఇచ్చిన తొమ్మిది విమానాశ్రయాల్లో మన శంషాబాదూ ఉంది. మొదట్లో దాని పేరులో 'వీసా ఆన్ అరైవల్' అన్న మాట ఉండేది. దిగాక చేతిలో పెడతారని జనం పొరబడుతున్నారని 2015 ఏప్రిల్‌లో ఈ-టూరిస్ట్ వీసా అని పేరు మార్చారు. మీరు మాత్రం ఆ పాత పేరునే నమ్ముకోండి. ముందే అప్లై చెయ్యడం తొందరపాటు లక్షణం. శంషాబాద్‌లో దిగి "మా వాడికి ఇక్కడే ఇచ్చేస్తారటగా" అని అడుగుదురుగాని. అసలు డెట్రాయిట్ చెకిన్ కౌంటర్లోనే మిమ్మల్ని ఆపేస్తారు కనక శంషాబాద్ దాకా వెళ్లే శ్రమ కూడా తప్పుతుంది.

అంత ధైర్యం లేనివాళ్లు ఆన్‌లైన్‌లోనే చూసుకోండి. గూగుల్‌లో వెతగ్గానే అన్నిటికన్నా పైన వచ్చే సైటునే నొక్కండి. దాని మీద అశోక చక్రమూ తాజ్‌మహలూ పులీ నెమలీ అన్నీ ఉంటాయి, ఫీజు మాత్రం అసలుదానికి రెండు మూడింతలు. ప్రభుత్వం సైటు వేరే ఉంది. పేరు చివర గవ్ డాట్ ఇన్ అని ఉంటుంది. చూడ్డానికి 2005లో ఎవరో ప్రేమగా తయారుచేసి మళ్లీ ముట్టుకోనట్టు ఉంటుంది. మనిషన్నవాడు అందమైనదాన్ని నమ్ముతాడు గాని అలాంటిదాన్ని నమ్ముతాడా?

వీసా మూడు రకాలు: ముప్పై రోజులది, ఏడాదిది, ఐదేళ్లది. అమెరికా పాస్‌పోర్టుకి ఏడాదిది 40 డాలర్లు, ఐదేళ్లది 80. ముప్పై రోజులదానికి కాలాన్ని బట్టి ధర. జూలై నుంచి మార్చి దాకా 25 డాలర్లు, ఏప్రిల్ నుంచి జూన్ దాకా 10. పైన బ్యాంకు చార్జీ. ఎండాకాలంలో 15 డాలర్లు తగ్గించారంటే ఎండ సంగతి ప్రభుత్వానికి తెలుసన్నమాట. మీరు తెలియనట్టే ఉండండి. బడులు మూసిన మర్నాడే, జూన్‌లో, పది డాలర్ల వీసాతో బయల్దేరి మిట్టమధ్యాహ్నానికి ఆగ్రాలో తేలండి. నీడలో 45 డిగ్రీలు. పాలరాయి తెల్లటిది కాబట్టి చల్లగా ఉంటుందని పిల్లలకి ముందే చెప్పి పెట్టండి.

ఐదేళ్ల వీసా తీసుకుంటే ఐదేళ్లపాటు ఈ ముచ్చట్లన్నీ మళ్లీ మళ్లీ రావు, అందుకని వద్దు. ముప్పై రోజులదే తీసుకుని ముప్పై ఒకటో రోజు రాత్రికి తిరుగు టికెట్ కొనండి, పాతిక డాలర్లు చవగ్గా వచ్చింది కదా అని. ఈ వీసాని పొడిగించరు, ఇంకో రకం వీసాగా మార్చరు. గడువు దాటితే దేశం విడిచి వెళ్లడానికి కూడా అనుమతి కాగితం తెచ్చుకోవాలి, జరిమానా కట్టాలి. వెళ్లిపోతానంటే వద్దనేవాడెవడు అని మన లెక్క. వద్దంటారు.

ఇక ఫారం. ఇక్కడ మాత్రం నిదానంగా, ఒక్కొక్క గడినీ చెడగొట్టాలి.

పేరు దగ్గర మొదలుపెడదాం. పాస్‌పోర్టులో ఏ అక్షరాలు ఏ వరసలో ఉన్నాయో అవే ఇక్కడా ఉండాలంటారు. మన ఇళ్లల్లో అది అంత తేలిగ్గా తేలే వ్యవహారమా? ఇంటిపేరు ముందా వెనకా అన్నది నాన్న పాస్‌పోర్టులో ఒక రకంగా, అమ్మ పాస్‌పోర్టులో ఇంకో రకంగా ఉంటుంది. ఆస్పత్రిలో నర్సు 'లాస్ట్ నేమ్?' అని అడిగిన కంగారులో నాన్న సొంత పేరే పిల్లవాడి ఇంటిపేరైపోయిన కొంపలున్నాయి. ఇలాంటప్పుడు పాస్‌పోర్టు తెరిచి చూడటం పిరికితనం. బారసాలనాడు బియ్యంలో రాసిన పేరు వెయ్యండి. అందులో ముగ్గురు దేవుళ్లూ ఒక ముత్తాతా ఉంటారు, గడిలో పట్టినంతవరకు పట్టిస్తే సరి. ఒక్క అక్షరం తేడా వచ్చినా విమానం ఎక్కనివ్వకపోవచ్చు గాని, దేవుళ్లు తోడుండగా భయమెందుకు?

ఒంటిమీద పైకి కనిపించే గుర్తులు రాయమంటాడు. పదో తరగతి సర్టిఫికెట్టు కోసం హెడ్మాస్టరు గదిలో చొక్కా చేతులు పైకి మడిచి రెండు పుట్టుమచ్చలు చూపించిన జాతి మనది, ఈ ప్రశ్న చూసి మనకి కళ్లు చెమర్చాలి. ఏమీ లేకపోతే లేవని రాసి ముందుకి పొమ్మంటారు తెలియనివాళ్లు. అలా పోకండి. రాత్రి తొమ్మిదిన్నరకి, అంటే తెనాల్లో పొద్దున్న ఏడింటికి, అమ్మమ్మకి వీడియో కాల్ చెయ్యండి. "ఎడమ చెవి వెనకాల ఉంది కదే, నేను నలుగు పెట్టేప్పుడు చూసేదాన్ని" అంటుంది. పిల్లవాణ్ణి టేబుల్ లైటు కింద కూచోబెట్టి గంటసేపు వెతకండి. ఈలోగా ఫారం సెషన్ అయిపోయి మొదటికొస్తుంది. మధ్యమధ్యలో సేవ్ చేసుకోవడానికి అది ఒక తాత్కాలిక నంబరు ఇస్తుంది, దాన్ని మాత్రం పొరపాటున కూడా రాసి పెట్టుకోవద్దు.

తర్వాత తల్లిదండ్రులకో తాత ముత్తాతలకో పాకిస్తాన్ సంబంధం ఉందా అని అడుగుతుంది. మీ తాతగారు దేశ విభజనకి ముందు రైల్వే ఉద్యోగం మీద లాహోరు దాకా వెళ్లొచ్చారని ఇంట్లో కథగా చెప్పుకుంటారు కదా. గర్వంగా 'అవును' మీద టిక్కు పెట్టండి. ఆ టిక్కు పడ్డవాళ్లకి ఈ-వీసా దారి మూసుకుపోతుంది, కాన్సులేటు ద్వారా మామూలు వీసాకే వెళ్లాలి. తాతగారి పరువు కోసం ఆ మాత్రం చెయ్యలేమా?

వృత్తి అన్న గడిలో సాఫ్ట్‌వేర్ అని రాస్తే చప్పగా ఉంటుంది. మీరూ పౌరసత్వం తీసుకుని ఈ-వీసాకే పెట్టుకుంటున్నట్టయితే, తెలుగు సంఘం సావనీర్‌లో మీ వచన కవిత ఒకటి అచ్చయిందన్న సంగతి ఇక్కడ చాటుకోండి: 'పత్రికా రచయిత' అని. జర్నలిస్టులకి వేరే వీసా ఉంది, దాని పేరు జె వీసా. మీ కవిత మీద ప్రభుత్వ స్థాయిలో విచారణ జరగడం సాహిత్య గౌరవంగానే భావించాలి.

పౌరసత్వం తీసుకున్నవాళ్లకి ఇంకో చిన్న మాట. మీ పాత నీలం పాస్‌పోర్టుని సొరుగులో భద్రంగా దాచి, ఇండియా వెళ్లేప్పుడు అది కూడా జేబులో వేసుకోండి. 1955 పౌరసత్వ చట్టం ప్రకారం ఇంకో దేశం పౌరసత్వం పుచ్చుకున్న రోజే భారత పౌరసత్వం పోతుంది, ఆ పాస్‌పోర్టు అప్పగించి సర్టిఫికెట్టు తెచ్చుకోవాలి, వాడితే నేరం. అయినా వీసా అక్కర్లేకుండా పోతుంది కదా అనే తెలివైనవాడు ప్రతి పార్టీలోనూ ఒకడుంటాడు. వాడి మాట వినండి, నాకు పోటీ తగ్గుతుంది.

ఇండియాలో తెలిసినవాళ్ల పేరూ ఫోను నంబరూ అడిగితే కొత్త నంబరు కనిపిస్తే ఎత్తని బావగారి పేరు ఇవ్వండి. చూడబోయే ఊళ్లు అడిగితే 'ఇండియా' అని రాయండి.

ఫొటో చతురస్రంగా ఉండాలి, వెనక తెల్లగా ఉండాలి, పది కిలోబైట్లకి తగ్గకూడదు, ఒక మెగాబైటు దాటకూడదు. పాస్‌పోర్టు పేజీ పీడీఎఫ్ అయితే మూడు వందల కిలోబైట్లు దాటకూడదు. ఇన్ని 'కూడదు'లు ఉన్నచోట మన ఫోను తీసిన నాలుగు మెగాబైట్ల బొమ్మనే పదేపదే ఎక్కించి చూడటం పౌరుషం. డెట్రాయిట్ తెలుగు అసోసియేషన్ ఉగాది స్టేజీ మీద పిల్లవాడు నెమలి పింఛం పెట్టుకుని కృష్ణుడి వేషం వేసిన ఫొటో ఉంటే మరీ మంచిది. ఇమిగ్రేషన్ అధికారికి ముందే భక్తి కలుగుతుంది.

అప్లై ఎప్పుడు చెయ్యాలి? మామూలుగా మూడు రోజుల్లో జవాబొస్తుంది, కనీసం నాలుగు రోజులు ముందుగా పెట్టమంటారు. ముప్పై రోజుల వీసాకైతే ప్రయాణానికి నెలరోజుల ముందు నుంచి, ఏడాదిదానికీ ఐదేళ్లదానికీ నాలుగు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. నా అనుభవసారం ఏమిటంటే, డెట్రాయిట్ విమానాశ్రయం మెక్‌నమారా టెర్మినల్‌లో ఆ ఎర్ర ట్రాము ఎక్కి, ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లేలోపు ఫోన్లో నింపెయ్యడం మేలు. ట్రాము బాగా నడుస్తుంది, వైఫై కూడా ఉచితం. పాస్‌పోర్టు గడువు ఇంకా ఆరు నెలలుండాలన్న నియమం అప్పుడే గుర్తొస్తుంది. పదహారేళ్లలోపు పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్లే పనిచేస్తుందన్నది కూడా. వీసా మంజూరైన కాగితం ప్రింటు తీసుకోమంటారు, ఫోన్లో ఉందిగా, చార్జింగు ఉన్నంతసేపు. 2025 అక్టోబరు నుంచి విదేశీయులు దిగేముందు మూడు రోజుల్లో ఆన్‌లైన్‌లో ఈ-అరైవల్ కార్డు కూడా నింపాలి. డబ్బు తీసుకోరు కాబట్టి దానికి విలువ లేదు, మర్చిపోండి.

వీసా వచ్చేసిందనుకుందాం. ఇప్పుడు దేశం చూడాలి.

మిషిగన్ వైశాల్యం సరస్సుల నీళ్లతో సహా రెండున్నర లక్షల చదరపు కిలోమీటర్లు. రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపితే అంతకన్నా కొంచెం పెద్దవే. భారతదేశం దాదాపు ముప్పైమూడు లక్షలు, అంటే పదమూడు మిషిగన్లు. పదేళ్లుగా ట్రాయ్‌లో ఉండి వంతెన దాటి అప్పర్ పెనిన్సులాలో అడుగుపెట్టనివాళ్లు నాకు బోలెడంతమంది తెలుసు. వాళ్లే మూడు వారాల్లో పదమూడు మిషిగన్లూ చూసేస్తామని ఎక్సెల్ షీటు వేసుకుని వస్తారు. వాళ్లంటే నాకు గౌరవం.

షీటు వెయ్యడానికి సూత్రం ఇది. ఇక్కణ్ణుంచి ఐ-75 పట్టుకుంటే మాకినా సిటీ 270 మైళ్లు, నాలుగు గంటలు. కాబట్టి హైదరాబాద్ నుంచి ఆగ్రా పన్నెండు వందల చిల్లర కిలోమీటర్లు పన్నెండు గంటలు. పొద్దున్నే ఇడ్లీ తిని బయల్దేరితే రాత్రి భోజనానికి తాజ్‌మహల్ పక్కన ఉంటారు. మధ్యలో టోల్‌గేట్లు, గేదెలు, ఎదురుగా రాంగ్‌సైడులో నింపాదిగా వచ్చే ట్రాక్టర్లు, డ్రైవరుగారి టీ, డ్రైవరుగారి బావమరిది ఊరు అన్నవి ఎక్సెల్‌లో గడులు లేని విషయాలు. రైలైతే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఒక పగలూ ఒక రాత్రీ దాటి తీసుకుంటుంది. విమానంలో రెండు గంటలంటారు గాని విమానంలో వెళితే దేశం ఎలా తెలుస్తుంది?

ఢిల్లీ నుంచి మర్నాడు పొద్దున్నే లేహ్‌కి ఎగరండి. లేహ్ సముద్రమట్టానికి 3,500 మీటర్ల ఎత్తు. గాలి పల్చన, రెండు రోజులు కదలకుండా ఒళ్లు అలవాటు పడనివ్వమని డాక్టర్లంటారు. మన దగ్గర రెండు రోజులెక్కడివి? ఆ సాయంత్రమే ఇంకో ఏడెనిమిది వందల మీటర్లు పైకి, పాంగాంగ్ సరస్సుకి పదండి. '3 ఇడియట్స్' ఆఖరి సీను తీసింది అక్కడే. పాంగాంగ్, నుబ్రా లాంటి చోట్లకి విదేశీయులు ప్రత్యేకంగా పర్మిట్ తీసుకోవాలి. అమెరికా పాస్‌పోర్టున్న మీ పిల్లవాడు విదేశీయుడే, పౌరసత్వం మార్చుకుని ఓసీఐ కార్డు తీసుకున్నట్టయితే ఈ విషయంలో మీరూ విదేశీయులే. ఈ-వీసా మీదే స్పష్టంగా ఉంటుంది, రక్షిత ప్రాంతాలకి ఇది చెల్లదని. చెక్‌పోస్టులో జవానుతో "మాది గుంటూరు బాబూ" అని తెలుగులో చెప్పి చూడండి. సిక్కింలో నాథూ లా దగ్గరైతే ఆ మాత్రం వాదన కూడా అక్కర్లేదు, అక్కడికి విదేశీయుల్ని అసలు పోనివ్వరు.

అలాగే ఖాట్మండు వెళ్లి పశుపతినాథుణ్ణి చూసి, తిరిగి రోడ్డు మీద ఏ చెక్‌పోస్టు కనబడితే అందులోంచి కాశీకి దిగిపోవడం మంచి పథకం. ఈ-వీసాతో ఎక్కడెక్కడ లోపలికి రావచ్చో జాబితా ఉంది. జాబితాలు చదివేవాళ్లు వేరు.

ఇప్పుడు తాజ్‌మహల్ టికెట్టు. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఏ మనిషి ఏ దేశస్థుడో తేల్చేది ఇమిగ్రేషన్ అధికారి కాదు, టికెట్ల కిటికీ. భారతీయులకి 50 రూపాయలు, విదేశీయులకి 1,100. లోపల సమాధి దాకా వెళ్లాలంటే ఎవరికైనా ఇంకో 200. పదిహేనేళ్లలోపు పిల్లలకి ఏ దేశమైనా ఉచితం. 2021 నుంచి ఓసీఐ కార్డున్నవాళ్లకి స్మారకాల దగ్గర భారతీయుల ధరే. అంటే ఇండియా పాస్‌పోర్టు నాన్న యాభై, ఓసీఐ అత్తయ్య యాభై, ఈ-వీసా మీద వచ్చిన పదహారేళ్ల అబ్బాయి పదకొండు వందలు. చార్మినార్ దగ్గరా, గోల్కొండ దగ్గరా అంతే: మనకి 25, వాడికి 300.

నాన్నలకి ఇక్కడ రక్తం మరుగుతుంది. పన్నెండు డాలర్ల కోసం కాదు. నా కొడుకు విదేశీయుడేమిటని. ఇందుకు మార్గం ఉంది. వాణ్ణి నోరు మూసుకుని నడవమనండి. మొహం మనదే, రంగు మనదే, నోరు తెరిస్తేనే ట్రాయ్. బూట్లు పెద్దవిగా లేకుండా చూడండి, మెడలో హెడ్‌ఫోను తీసెయ్యండి, మిషిగన్ స్టేట్ టీషర్టు విప్పించి మేనమామ చొక్కా తొడగండి. గేటు దగ్గర ఆధార్ అడిగితే ఇంట్లో మర్చిపోయాడని చెప్పండి. అంతా సవ్యంగా సాగుతుండగా వాడు వెనక్కి తిరిగి, గేటు మనిషితో సహా అందరికీ వినబడేలా, "డాడ్, ఈజ్ దిస్ లీగల్?" అంటాడు. వాడి బడిలో అవే నేర్పుతారు, ఏం చేస్తాం. విదేశీయుల టికెట్టుతో నీళ్ల సీసా, చెప్పుల మీద తొడుక్కునే గుడ్డ సంచులు ఇస్తారు. వాడు ఆ నీళ్లు తాగుతూ ముందు నడుస్తాడు, మీరు వెనకాల.

ఇంతకీ ఎక్సెల్ షీటులో ఇవన్నీ ఉన్నా, నా లెక్కలో మూడు వారాల్లో వీటికి మిగిలేది నాలుగు రోజులే. మిగతావి హైదరాబాద్‌కి. అందులోనూ కూకట్‌పల్లి, నిజాంపేట, మియాపూర్‌లకి. ఇక్కడ నా సలహా సూటిగా ఉంటుంది: ఒక్క ఇల్లు కూడా వదలకండి. పొద్దున రెండు, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం మూడు. ప్రతి ఇంట్లోనూ సోఫా ఒకటే, ట్రే ఒకటే. గుడ్‌డే బిస్కట్లు, కారప్పూస, స్టీలు గ్లాసులో థమ్సప్. పిల్లవాడు మధ్యలో కూచుంటాడు. ఎదురుగా టీవీలో శబ్దం తగ్గించిన సీరియల్. "ఏరా, నన్ను గుర్తుపట్టావా?" అని ఎవరో పెద్దాయన అడుగుతారు. చివరిసారి చూసినప్పుడు వీడికి పదకొండు నెలలు. వాడు నవ్వుతాడు. "వదినా, పిల్లాడేంటి ఇంత చిక్కిపోయాడు, అక్కడ అన్నం పెట్టవా?" అని పిన్ని మూడో లడ్డూ వేస్తుంది. పసుపు, కుంకుమ, జాకెట్టు ముక్క. "భోంచేసి వెళ్లాల్సిందే." "లేదు పిన్నీ, ఇంకో రెండిళ్లున్నాయి." "వాళ్లింట్లో తింటారు గాని మా ఇంట్లో తినరేం?" తింటారు. రెండిళ్లలోనూ.

ఇళ్లు అయ్యాక టైలరు. జాకెట్లు విమానం ఎక్కే రోజు మధ్యాహ్నం ఇస్తానంటాడు, ఆ మాట మీదే ఉంటాడు. బంగారం కొట్టు, అక్కడ పిల్లవాడికి మూడు గంటలు ఏసీలో కుర్చీ. పళ్ల డాక్టరు, ఎందుకంటే ట్రాయ్‌లో రూట్ కెనాల్ ధరకి ఇక్కడ ఇంటిల్లిపాదీ పళ్లు కట్టించుకోవచ్చు. బ్యాంకులో కేవైసీ. తాతగారి పొలం పాస్‌బుక్కులో పేరు తప్పు పడితే మీసేవ. ఈ-టూరిస్ట్ వీసా నియమాల్లో చుట్టాల్ని చూడటం కూడా పర్యాటకమేనని ఉంది. ఆ ఒక్క నియమాన్నీ మన జాతి అక్షరాలా పాటిస్తుంది.

తాతగారి ఊళ్లో రెండు రాత్రులు పడుకోబెట్టండి. విదేశీయుడు బస చేసిన ఇరవై నాలుగు గంటల్లో ఇంటి యజమాని ఆ సంగతి ఆన్‌లైన్‌లో తెలియజెయ్యాలి. హోటళ్లకే కాదు, సొంత ఇళ్లకీ వర్తిస్తుంది. తాతగారికి చెప్పకండి. మనవడొచ్చాడని పోలీసులకి చెప్పాలా అని ఆయన అన్నం మానేస్తారు.

దోవలో ఉన్నవి మాత్రం చూడకండి. మన జిల్లాల్లో ఏముంటాయి చూడ్డానికి? ములుగు జిల్లా పాలంపేటలో రామప్ప గుడి ఉంది. 1213లో కాకతి గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు, ఇసుక నింపిన పునాది మీద, నీళ్లలో తేలే ఇటుకలతో శిఖరం పేర్చి. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కించింది. నల్లరాతి మదనికల మెళ్లో హారం నీడ వాళ్ల గుండెల మీద పడేలా చెక్కారు. హైదరాబాద్ నుంచి పొద్దున బయల్దేరితే రాత్రికి వచ్చెయ్యచ్చు. కాని ఆ రోజు మీకు మేనత్త తోడికోడలింట్లో సత్యనారాయణ వ్రతం ఉంది.

లేపాక్షి నందీ అంతే. ఒకే రాయిలో ఇరవై ఏడు అడుగుల పొడవున కూచుని ఉంది, మీరు రాకపోయినా కూచునే ఉంటుంది. నంద్యాల జిల్లాలో బేలం గుహలు మూడు కిలోమీటర్ల పైచిలుకు భూమి కింద సాగుతాయి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త వాటి గురించి రాశాడు, తర్వాత వందేళ్లకి జర్మన్ గుహాన్వేషకులు వచ్చి లోపలంతా కొలిచారు. వాళ్లు అంత దూరం నుంచి వచ్చి కొలిచిపోయాక మనం మళ్లీ చూడ్డం ఎందుకు? గండికోటలో పెన్నా నది ఎర్రటి కొండని చీల్చుకుని పోయే లోయ ఉంది. మీవాడు గ్రాండ్ కాన్యన్ ఫొటోలు చూపించి మురిసిపోతున్నప్పుడు మీరు గండికోట పేరెత్తకండి, మనవైపేనని తెలిస్తే తీసుకెళ్లమంటాడు. పాపికొండల లాంచీ కావాలంటే ఆగస్టులో అడగండి. గోదావరి వరదలప్పుడు బోట్లు ఆపేస్తారు.

తిరుమల ఉండనే ఉంది. విదేశం నుంచి వచ్చినవాళ్లు పాస్‌పోర్టు చూపిస్తే సుపథం దారిలో మూడొందల రూపాయల దర్శనం ఇస్తారు, దేశంలో దిగిన ముద్ర నెలలోపుదై ఉండాలి. మీరు పాస్‌పోర్టులు హైదరాబాద్ బీరువాలో భద్రంగా పెట్టి, తాళం చెల్లెలి చేతికిచ్చి కొండెక్కండి.

సామాను సంగతి రెండు ముక్కల్లో. వెళ్లేప్పుడు గండికోట మీద ఎగరేద్దామని పిల్లవాడి డ్రోను పెట్టెలో పెట్టండి, 2022 నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతి నిషేధం కాబట్టి కస్టమ్స్‌వాళ్లతో పరిచయం ఏర్పడుతుంది. వచ్చేప్పుడు పచ్చి కరివేపాకు ఆవకాయ జాడీ పక్కన కుక్కండి, డెట్రాయిట్‌లో కస్టమ్స్‌వాళ్ల కుక్కపిల్ల మీ పెట్టె దగ్గరే ముద్దుగా కూచుంటుంది. ఇక్కడి నంబరుకి ఓటీపీలు రావు, అక్కడి సిమ్ము తీసుకోవడానికి బద్ధకం. అందుకని రైలు టికెట్టుకీ, ఆటోకీ, కొబ్బరిబోండానికీ బావమరిది ఫోనే వాడండి. మూడో వారానికి ఆయన మాట తగ్గిస్తాడు, అది అలసట.

తిరిగి ట్రాయ్ వచ్చాక బడి తెరుస్తారు. వేసవిలో ఎక్కడెక్కడ తిరిగావో చెప్పమని టీచరు అడుగుతుంది. ఇండియా అంటాడు వాడు. ఇండియాలో ఏం చూశావంటే, సోఫాలు అంటాడు. అప్పుడు మీరు తొణక్కండి. ఐదేళ్ల వీసా తీసుకోవద్దని నేనన్న మాట ఎవరో ఒకరు వినకుండా ఉండి ఉంటారు. ఆ ఎనభై డాలర్ల వీసా ఉన్నవాళ్లు వచ్చే డిసెంబరులో, చల్లటి రోజుల్లో, నన్ను అడక్కుండా, పిల్లవాణ్ణి ముందు కూచోబెట్టి వాడికి కావలసిన ఊళ్లు వాడిచేతే రాయించి వెళ్లిపోతారు. అలాంటివాళ్లకి నా దగ్గర సలహాలు లేవు.

మిగిలినవాళ్లకి ఒక్క మాట మర్చిపోయాను. తాజ్‌మహల్‌కి శుక్రవారం సెలవు. మీ ఎక్సెల్ షీటులో ఆగ్రా ఏ రోజు పడిందో నేను ముందే చూశాను, మార్చకండి.